పాత ముఖభాగాలకు ఏ సున్నం కొనాలి? గుంత ముద్ద, సంచి పొడి, ఎన్‌హెచ్‌ఎల్, ‘హెరిటేజ్’ పుట్టీ: సమీక్ష

పాతబస్తీలో కమాను షాపు ముందుభాగం బాగుచేయించాలన్నా, పాత బంగళా ముఖం అలాగే ఉంచి వెనక కొత్త కట్టడం లేపాలన్నా, మేస్త్రీ మొదట అడిగేది ఒకటే: గార దేంతో కొట్టమంటారు? దీనికి ఇచ్చే జవాబును బట్టే ఆ ముఖం నిలబడుతుంది, లేదా నాలుగు వానాకాలాలకే పెచ్చులూడుతుంది. ఇవాళ హైదరాబాద్‌లో ఈ పనికి అమ్ముతున్న సరుకు నాలుగు రకాలు. కాల్చిన సున్నపురాయిని నీళ్లలో ఉడికించి గుంతలో నానబెట్టిన ముద్ద ఒకటి. సంచుల్లో వచ్చే పొడి సున్నం రెండోది. విదేశాల నుంచి వచ్చే ఎన్‌హెచ్‌ఎల్, అంటే నీళ్లతోనే గట్టిపడే సహజ సున్నం, మూడోది. ‘హెరిటేజ్ ఫినిష్’ అన్న పేరుతో అమ్మే సిమెంటు, పాలిమర్ పుట్టీ నాలుగోది.

తీర్పు ముందే చెప్పేస్తాం. ముద్దకు పదికి 9, ఎన్‌హెచ్‌ఎల్‌లో 3.5 రకానికి 7, సంచి పొడికి 5, పుట్టీకి 1. ఆ ఒక్క మార్కు కూడా లోపలి గదుల్లో కొత్త సిమెంటు గోడల మీద అది బాగా పనిచేస్తుంది కాబట్టి వేశాం. పాత గోడ బయటి ముఖానికి మాత్రం దాన్ని కొనకండి.

సరుకు గురించి మాట్లాడే ముందు గోడ గురించి రెండు మాటలు. 1908 మూసీ వరదల తర్వాత 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు హయాంలో ఈ నగరానికి కొత్త ముఖం వచ్చింది. పత్తర్‌గట్టి రాతి కమానుల వరుస, 1935 నాటి మొజంజాహీ మార్కెట్ అప్పటివే. వీటి పైరాయి గ్రానైట్. గ్రానైట్ నీళ్లు తాగదు. అందుకని గోడ లోపలికి చేరిన చెమ్మ బయటికి పోవాలంటే రాళ్ల మధ్య దర్జులే దారి. ఆ దర్జుల్ని సిమెంటుతో పూడ్చారంటే ఉన్న ఒక్క దారీ మూసేసినట్టే. ఇటుకతోనో రాతి ముక్కలతోనో కట్టి పైన గార కొట్టిన గోడలకు గోడ ముఖమంతా దారే. రెండింటికీ సూత్రం ఒకటే: పైన పెట్టేది లోపలున్న దానికంటే మెత్తగా ఉండాలి, చెమ్మను వదలాలి. అరిగేది, చెడేది పైపూత కావాలి గానీ గోడ కాకూడదు. ఈ సమీక్షలో మార్కులన్నీ ఈ కొలత మీదే పడ్డాయి.

సిమెంటు గార ఎలా చెడగొడుతుందో చూడాలంటే ఊడిపడిన పెచ్చు ఒకటి తీసుకుని తిప్పి చూడండి. పైవైపు 12 మి.మీ. సిమెంటు పొర చెక్కు చెదరకుండా గట్టిగా ఉంటుంది. వెనకవైపు వేలు మందాన పాత సున్నపు గార అంటుకుని వస్తుంది. గోటితో గీకితే పొడిపొడిగా రాలుతుంది, నాలుకకు తగిలిస్తే ఉప్పగా ఉంటుంది. సిమెంటు పొర వెనక చెమ్మ చిక్కుకుంది, ఎండకు ఆరినప్పుడల్లా అందులోని లవణాలు అక్కడే గడ్డకట్టాయి, గడ్డకట్టినప్పుడల్లా పాత గారను లోపలి నుంచి పగలగొట్టాయి. సిమెంటుకు ఏమీ కాలేదు, దాని వెనక ఉన్నదంతా పోయింది. అందుకే కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013లో మొదలైన ఆగాఖాన్ ట్రస్టు పనిలో గత శతాబ్దంలో కొట్టిన సిమెంటు పూతల్ని తీయించి మళ్లీ సున్నపు గార వేయించారు. పని చేసిన గుమ్మటాలు చూడాలంటే ఇబ్రహీంబాగ్ వెళ్లండి, మంచి గార దగ్గర నుంచి ఎలా ఉంటుందో అక్కడ తెలుస్తుంది.

ఇక సరుకులోకి వద్దాం.

గుంత ముద్ద. ఇది కొనడం కంటే తయారు చేయించడం ఎక్కువ. కాల్చిన సున్నపురాయి తాజాగా ఉండాలి. గాలికి పొడైపోయిన రాయి సగం చచ్చిన సరుకు. ముక్క చేతిలోకి తీసుకుంటే ఆ పరిమాణానికి తేలిగ్గా అనిపించాలి. బరువుగా ఉంటే లోపల కాలలేదని అర్థం. ఎప్పుడూ నీళ్లలో సున్నపురాయి వేయాలి, రాయి మీద నీళ్లు పోయకూడదు. నీళ్లు కుతకుతలాడతాయి, చిమ్ముతాయి. కళ్లద్దాలు, రబ్బరు చేతితొడుగులు లేకుండా ఎవరినీ దగ్గరికి రానివ్వొద్దు, కంట్లో పడితే చూపు పోతుంది. ఉడుకు తగ్గాక సన్నజల్లెడలో వడకట్టి గుంతలోకి వదలాలి. పైన ఎప్పుడూ నాలుగు వేళ్ల ఎత్తు నీళ్లు నిలవాలి. దర్జులకైతే కనీసం మూడు వారాలు, పైపూతకైతే మూడు నెలలు నానాలి. ఎంత నానితే అంత మేలు.

తొందరపడితే ఏమవుతుంది? ఎక్కువ కాలిపోయి నీళ్లలో ఇంకా కరగని గింజలు గారలో మిగిలిపోతాయి. అవి నెలల తర్వాత చెమ్మ తాకి నిదానంగా ఉబ్బుతాయి. నున్నగా మెరిసే గోడ మీద చిన్న గుంట పడుతుంది, గుంట మధ్యలో మినపగింజంత తెల్లటి చుక్క ఉంటుంది. అలాంటివి ఒక గజం గోడలో పది కనిపిస్తే ముద్ద నానలేదన్నమాట. ఇక మేస్త్రీ ఎన్ని సాకులు చెప్పినా ఒప్పుకోనక్కర్లేదు.

మంచి ముద్ద లీటరుకు 1.35 నుంచి 1.45 కిలోల దాకా తూగుతుంది, గట్టి మీగడ పెరుగులా తాపీకి అంటుకుని జారకుండా నిలుస్తుంది. కిలో మంచి కాల్చిన సున్నపురాయికి రెండు లీటర్లకు కాస్త తక్కువ ముద్ద వస్తుంది. ఆ లెక్కన 100 చదరపు అడుగుల గోడకు మొత్తం 20 మి.మీ. మందం గార కొట్టాలంటే, 1కి 3 పాళ్లలో, తరుగు కూడా కలుపుకుని సుమారు 75 లీటర్ల ముద్ద, 225 లీటర్ల ఇసుక కావాలి. అంటే 40 నుంచి 45 కిలోల కాల్చిన సున్నపురాయి. అంచనా ఇచ్చేవాళ్లు ఇంతకు రెట్టింపు రాస్తే గోడ ఎంత వంకరగా ఉందో చూపించమనండి. నిజంగానే కొన్ని గోడలు అంత వంకరగా ఉంటాయి.

ఇసుక దగ్గరే సగం పనులు చెడతాయి. ఇసుక గరుకుగా, గింజలు చిన్నా పెద్దా కలిసి ఉండాలి. రోబో శాండ్ వాడితే సన్నపొడి కడిగి తీసేయాలి, లేకపోతే గార ఆరేటప్పుడు సాలెగూడులా చీలుతుంది. పరీక్ష తేలిక: గాజు సీసాలో సగం ఇసుక, పైన నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి గట్టిగా ఊపి మూడు గంటలు కదపకుండా ఉంచండి. ఇసుక మీద మన్ను పొర ఇసుక ఎత్తులో ఎనిమిది శాతం దాటితే ఆ లోడు వెనక్కి పంపేయండి. నీళ్లు కూడా చూసుకోవాలి. ఉప్పు బోరు నీళ్లతో కలిపితే చవుడును మనమే గోడలోకి ఎక్కించినట్టు.

సుర్ఖీ గురించి ఒక హెచ్చరిక. ఇటుక పొడి కలిపితే గార చెమ్మలో కూడా గట్టిపడుతుందని అందరూ చెబుతారు, నిజమే. కానీ అది తక్కువ వేడిలో కాలిన ఇటుక అయితేనే. బట్టీలో నల్లబడేదాకా కాలిన ఇటుక పొడి ఇసుకతో సమానం, సున్నంతో కలవదు. కొనే ముందు సున్నం ముద్ద ఒక పాలు, సుర్ఖీ రెండు పాళ్లు కలిపి నిమ్మకాయంత ఉండ చేసి, తడిగుడ్డలో వారం ఉంచి నీళ్లలో వేయండి. కరిగిపోతే ఆ సుర్ఖీ పనికిరాదు. నిలబడితే పిట్టగోడ పైభాగానికి, సజ్జాలకు, గోడ అడుగు భాగానికి 1 సున్నం, 1 సుర్ఖీ, 2 ఇసుక పాళ్లలో వాడండి. మిగతా గోడకు సుర్ఖీ అవసరం లేదు.

బెల్లం, కరక్కాయ, మారేడు గుజ్జు, మినప్పప్పు గురించి కూడా అడుగుతారు. ఇవన్నీ పాతవాళ్లు నిజంగా వాడినవే, వాటికి పని ఉంది. బెల్లం నీళ్లలో సున్నం ఎక్కువ కరుగుతుంది, గార లాగినట్టు సాగుతుంది. కరక్కాయ, బెల్లం కలిపి పది పదిహేను రోజులు పులియబెట్టిన నీళ్లతో గానుగలో తిప్పిన సున్నం చేతికి వెన్నలా వస్తుంది. కానీ పాళ్లు మించితే బెల్లమే శత్రువు. గార నెలలు గడిచినా గట్టిపడదు, బూజు పడుతుంది, చీమలు వస్తాయి. ముద్ద సరిగా నానకుండా, ఇసుక కడగకుండా, బెల్లం మాత్రం బిల్లులో గొప్పగా రాసేవాళ్లను నమ్మకండి. ముందు నానబెట్టిన తేదీ అడగండి, బెల్లం సంగతి తర్వాత.

కొట్టే పద్ధతి. పాత గార మొత్తం చెక్కేయొద్దు. చెక్క సుత్తితో మెల్లగా తట్టి, డొల్ల చప్పుడు వచ్చిన చోటే తీయండి. గట్టిగా ఉన్న 1930ల నాటి గారను తీసేసి కొత్తది కొట్టడం బాగుచేయడం కాదు. గోడను ముందురోజు సాయంత్రం, పని రోజు పొద్దున తడపాలి. నీళ్లు కారకూడదు, గోడ తడిగా మాత్రం ఉండాలి. మొదటి పూత 10 నుంచి 12 మి.మీ., గీతలు గీసి వదలాలి. వారం, పది రోజుల తర్వాత రెండోది 6 నుంచి 8 మి.మీ. ఆఖరిది 2 మి.మీ., సన్న ఇసుకతో గానీ పాలరాతి పొడితో గానీ. ప్రతి పూత మీదా తడి గోనెపట్టాలు వేలాడదీయాలి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును తీసుకుని మళ్లీ రాయి అవుతుంది. ఆ మార్పుకు గాలి ఎంత ముఖ్యమో చెమ్మ కూడా అంతే ముఖ్యం. ఏప్రిల్, మే ఎండలో కొడితే నీళ్లు ముందే ఎగిరిపోయి గార పొడిగా మిగిలిపోతుంది. జోరు వానలో కొడితే కొట్టుకుపోతుంది. హైదరాబాద్‌లో అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. కాంట్రాక్టు మార్చిలో మొదలవుతుందంటే ఆ ఏడు గార వద్దని, దర్జులూ నీటి గొట్టాలూ మాత్రమే చూడమని చెప్పండి.

ముద్దకు ఒక మార్కు ఎందుకు తగ్గించామంటే, అది ఓపిక అడుగుతుంది. నగరం నడిబొడ్డున మూడు నెలలు గుంత పెట్టే జాగా చాలామందికి లేదు. దానికి మార్గం, ఊరి బయట నానబెట్టి మూతున్న ప్లాస్టిక్ డ్రమ్ముల్లో తెప్పించుకోవడమే. డ్రమ్ము లోపల పైన నీళ్లు నిలిచి ఉండాలి. ఎండి పెళుసు కట్టిన ముద్ద తీసుకోకండి.

సంచి పొడి. దొరకడం తేలిక, ధర తక్కువ. లోపాలు రెండు. సంచిలో ఉండగానే గాలి తగిలి కొంత సున్నం మళ్లీ సున్నపురాయిగా మారిపోతుంది, అది కేవలం పొడి, దేన్నీ పట్టదు. కాబట్టి తయారీ తేదీ చూడకుండా కొనొద్దు, చిరిగిన సంచి తీసుకోవద్దు. రెండోది పాళ్ల మోసం. ఇందులో ఎవరి తప్పూ ఉండదు, లెక్క తప్పుతుంది. పొడి తేలిక, లీటరు అర కిలో పైచిలుకే తూగుతుంది. దాన్ని పొడిగానే తట్టతో కొలిచి 1కి 3 వేస్తే నీళ్లు తగలగానే అణిగిపోయి గార బలహీనమవుతుంది. ముందు ఒకటి రెండు రోజులు నీళ్లలో నానబెట్టి ముద్ద చేసి, ఆ ముద్దను కొలవండి. అప్పుడు చిన్న మరమ్మతులకు, వెల్లకు పనికొస్తుంది. భారత ప్రమాణం ఐఎస్ 712లో ‘సి’ తరగతి అంటే కొవ్వు సున్నం, మలినాలు తక్కువున్న సున్నం. సంచి మీద ఆ అక్షరం వెతకండి. ‘డి’ తరగతిలో మెగ్నీషియం ఉంటుంది, అది నీళ్లలో చాలా నిదానంగా కరిగి ముద్దవుతుంది, ఇందాక చెప్పిన గుంటలకు అదీ ఒక కారణం.

ఎన్‌హెచ్‌ఎల్. నీళ్లతోనే గట్టిపడుతుంది కాబట్టి చెమ్మ ఉండే గోడ అడుగుకు, వాన కొట్టే పిట్టగోడలకు, గడువు తక్కువున్న పనులకు ఉపయోగం. యూరప్ ప్రమాణంలో 2, 3.5, 5 అని మూడు రకాలు. 28 రోజులకు వచ్చే కనీస బలం మెగాపాస్కల్స్‌లో అది. ఇక్కడి ఇటుక గోడలకు 3.5 చాలు, మెత్తటి ఇటుకకు 2. మేస్త్రీలు ఎక్కువ అంకె ఉంటే మంచి సరుకనుకుని 5 తెస్తారు. వద్దు, అది పాత ఇటుక కంటే గట్టిపడుతుంది, మళ్లీ సిమెంటు కథే మొదలవుతుంది. సంచి మీద ఎన్‌హెచ్‌ఎల్ అని మూడు అక్షరాలూ ఉండాలి. ఉత్త ‘హెచ్‌ఎల్’ అనో ‘ఎఫ్‌ఎల్’ అనో ఉంటే లోపల సిమెంటు కలిసి ఉండొచ్చు. ఒక పాలు సున్నం, రెండున్నర పాళ్లు ఇసుక, మిక్సర్‌లో ఇరవై నిమిషాలు తిప్పాలి. తక్కువ తిప్పి నీళ్లు ఎక్కువ పోస్తే చీలికలు ఖాయం. కలిపిన రోజే వాడేయాలి, వారం తడి ఉంచాలి. ముద్ద, సంచి పొడి, ఎన్‌హెచ్‌ఎల్ మూడింటిలోనూ ధర ఎక్కువ దీనికే. అందుకే గోడంతటికీ కాకుండా అవసరమైన చోటే వాడమంటాం.

‘హెరిటేజ్’ పుట్టీ. రంగు బాగుంటుంది, రెండు రోజుల్లో పని అయిపోతుంది, ఫొటోలో పాత గారలాగే కనిపిస్తుంది. సంచి వెనక పదార్థాల పట్టీలో తెల్ల సిమెంటు, పాలిమర్ అని ఉంటుంది. దాని మీద అక్రిలిక్ రంగు వేస్తే గోడకు ప్లాస్టిక్ కవరు తొడిగినట్టే. పెచ్చు వెనక ఏం జరుగుతుందో పైన చెప్పాం. గోడకు రంగు కావాలంటే సున్నపు వెల్లలో ఎర్రమన్ను, పచ్చమన్ను లాంటి ఖనిజ రంగులు కలిపి, నీళ్లంత పలచగా నాలుగైదు పూతలు వేయించండి. మందంగా రెండు పూతలు వేస్తే పొరలుగా లేస్తుంది.

సరుకు ఎంత మంచిదైనా కొన్ని తప్పులు దాన్ని ఓడిస్తాయి. మొదటిది రోడ్డు. తారు మీద తారు వేసుకుంటూ పోవడంతో చాలా పాత గోడల పునాది మట్టం ఇప్పుడు రోడ్డు కింద ఉంది. వాన నీళ్లు గోడ పాదంలోకి వెళ్తాయి, చెమ్మ పైకి ఎక్కుతుంది. చాలామంది ఆ మరకను దాచడానికి మోకాలి ఎత్తు గ్రానైట్ పలకలు అంటిస్తారు. చెమ్మ ఆ పలకల పైన తలెత్తి, ఇదివరకు అడుగున ఉన్న చవుడు నడుము ఎత్తుకు చేరుతుంది. గోడ వెంబడి జానెడు వెడల్పు కాలువ తవ్వి, గులకరాళ్లు నింపి, నీళ్లకు వాలు ఇవ్వడం చవకైన పని, ఏ సున్నం కంటే ముందు చేయాల్సిన పని.

రెండోది ఏసీ నీళ్లు, బోర్డుల మేకులు. ఏసీ గొట్టం చివర గోడ మీదే వదిలేస్తే ఒక్క వేసవిలో నిలువునా పచ్చటి చార పడుతుంది. బోర్డు బోల్టులు రాతిలోకి కాకుండా దర్జులోకి దిగాలి, స్టెయిన్‌లెస్ స్టీల్‌వే కావాలి. మామూలు ఇనుము తుప్పు పట్టి ఎన్నో రెట్లు ఉబ్బి కమాను రాయి అంచును చీలుస్తుంది. దర్జులో పడిన రంధ్రాన్ని రేపు సున్నంతో పూడ్చవచ్చు, చీలిన రాయిని అతికించలేం.

మూడోది, ముఖం ఉంచి వెనకంతా కొత్తగా కట్టే పనులు. పాత ముందుగోడ ఒంటరిగా నిలబడేందుకు కట్టింది కాదు, దాన్ని పట్టుకుని ఉన్నవి అడ్డగోడలు, దూలాలు. అవి తీయకముందే బయట ఉక్కు చట్రం బిగించాలి, చీలికల మీద కొలత పలకలు అతికించి వారానికోసారి రాసుకోవాలి. అడ్డగోడల్ని ముందుగోడ నుంచి కోసి విడదీశాకే కూల్చాలి, బ్రేకర్ మెషిన్‌తో కొడుతూ రాకూడదు. కొత్త కాంక్రీటును పాత సున్నపు గోడకు ఆనించి పోయకండి. 25 మి.మీ. ఎడం ఉంచి, అణిగే పదార్థం నింపి, రెండింటినీ కలిపే స్టీలు కడ్డీలకు పైకీ కిందికీ కదిలేలా గాడులు ఇవ్వాలి. కొత్త కట్టడం మొదటి ఏళ్లలో కుంగుతుంది, పాతది ఎప్పుడో కుంగి నిలిచింది. కదలనివ్వకుండా బిగిస్తే కమాను నెత్తిన నిలువు చీలిక వస్తుంది, దానికి తర్వాత ఎంత మంచి గార కొట్టినా అదే చోట మళ్లీ విచ్చుకుంటుంది. ఈ వివరాలు డ్రాయింగ్‌లో లేని ఇంజనీరుకు ఆ పని ఇవ్వొద్దు.

మేస్త్రీని కుదుర్చుకునేటప్పుడు పాత గార నమూనా పరీక్ష చేస్తారా అని అడగండి. ఖరీదైనదేమీ కాదు. గోడ నుంచి పిడికెడు ముక్క తీసి, తూచి, నలిపి, పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేస్తే సున్నం నురగలు కక్కుతూ కరిగిపోతుంది, ఇసుక అడుగున మిగులుతుంది. కడిగి ఆరబెట్టి తూస్తే పాత పాళ్లు తెలుస్తాయి, ఇసుక రంగు, గింజ పరిమాణం కళ్లకు కనిపిస్తాయి. సున్నపురాతి పొడి కలిపిన గారైతే మాత్రం ఈ లెక్క తప్పుతుంది, ఆ పొడి కూడా కరిగిపోతుంది. తర్వాత గోడ మీద కనిపించని మూల ఒక గజం నమూనా పూత వేయించి నెల రోజులు చూడండి. ఆ గజం చూశాకే మిగతాదానికి సరే అనండి. డబ్బులో కొంత భాగం మొదటి వానాకాలం గడిచేదాకా ఆపుతామని ఒప్పందంలోనే రాసుకోండి. మంచి పనివాళ్లు దీనికి అభ్యంతరం చెప్పరు.

గార గట్టిపడిందో లేదో చూడటానికి చిన్న ముక్క విరిచి, విరిచిన చోట ఫినాఫ్తలిన్ అనే పరీక్ష ద్రావణం చుక్కలు వేయండి. గులాబీ రంగు వచ్చినంత మందం ఇంకా పచ్చిదే. ఆరు నెలల తర్వాత కూడా లోపల గులాబీ కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, సున్నం నిదానం. పైన రెండు మూడు మి.మీ. కూడా మారకపోతే మాత్రం తడి ఉంచలేదని అర్థం.

పని అయ్యాక మిగిలిన ముద్దను పారేయనివ్వకండి. మూతున్న డ్రమ్ములో, పైన నాలుగు వేళ్ల నీళ్లతో, నీడలో పెట్టించండి. డ్రమ్ము మీద నానబెట్టిన తేదీ, ఇసుక ఏ ఊరిది, ఏ పూతకు ఏ పాళ్లు వాడారో రంగుతో రాయించండి. పక్కనే ఒక సంచి అదే ఇసుక ఉంచండి. నాలుగేళ్ల తర్వాత సజ్జా అంచున అరచేయంత పెచ్చు ఊడితే, అతుకు కనిపించకుండా పూయడానికి కావాల్సింది ఆ డ్రమ్ములోనే ఉంటుంది.